సీటు ఎత్తు

ఆ సైకిలు ఇంట్లోకి వచ్చినప్పుడు ఎవరూ అడ్డు చెప్పలేదు. ఎందుకంటే అప్పటికి అది సైకిలులా లేదు. పై అంతస్తు మాస్టారు ఇల్లు ఖాళీ చేస్తూ మెట్ల కింద వదిలేసిన సామానులో, పాత పరుపుకీ కాలు విరిగిన కుర్చీకీ మధ్య ఇరుక్కుని ఉంది. చట్రం మీద మౌంటెన్ బైకు అని రాసి ఉన్న మాట నిజమే. వాలకం చూస్తే మాత్రం కొండ ఎక్కినట్టు లేదు, కొండ మీంచి పడ్డట్టుంది.

"తీసుకెళ్తే తీసుకెళ్ళండమ్మా, నాకో బరువు తగ్గుతుంది," అన్నారు మాస్టారు. "హెల్మెట్టు కూడా ఉంది. మావాడు దాంతో ఒక్కసారే పడ్డాడు."

ఆమె రెండూ తీసుకుంది.

ఆమె భర్త డ్రైవింగు స్కూలు నడుపుతాడు. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుంటే, ఆయన పక్క సీట్లో కూర్చుని తన కాలి కింద ఉన్న రెండో బ్రేకు తొక్కుతుంటాడు. ఏళ్ళ తరబడి ఆ పని చేసిన కాలు ఇంటికి రాగానే ఊరుకోమంటే ఊరుకుంటుందా? ఆమె ఏదైనా మొదలుపెట్టిందంటే చాలు, కుర్చీ కింద ఆయన కుడికాలు నేలని నొక్కుతుంది.

"ఈ వయసులో సైకిలేంటే?" అన్నాడు, కాఫీ గ్లాసు పక్కన పెట్టి.

"ఊళ్ళో అందరికీ కారు నేర్పారు. నాకూ నేర్పుంటే సైకిలెందుకు?"

"నీకు చేతకాదు."

"నేర్పకుండానే ఎలా తెలిసిందో!"

ఆయన నవ్వేశాడు. నవ్వితే మాట అయిపోయినట్టే ఆ ఇంట్లో. ఆమె బకెట్టులో నీళ్ళు, పాత బనీను గుడ్డ తీసుకుని మెట్ల కిందికి వెళ్ళింది.

సైకిలు ఎందుకో ఆయన అడగలేదు. అడగాల్సిన పనీ లేదు, ఆయనకి తెలుసు. ఆమె అక్క ఉండే హోము ఊరి చివర, రాళ్ళు కొట్టే క్రషర్ దాటాక, మిట్ట మీద ఉంది. బస్సు క్రషర్ దాకా కూడా పోదు. ఆదివారం మధ్యాహ్నం భోజనమై, ఒక కునుకు తీశాక ఆయన కారులో తీసుకెళ్తాడు. పొద్దున కారుకి తీరిక ఉండదు. రోడ్లు ఖాళీగా ఉంటాయని నేర్చుకునేవాళ్ళంతా ఆ వేళకే వస్తారు. చిక్కల్లా ఏమిటంటే, అక్క మతిమరుపుకి కూడా ఒక టైంటేబులు ఉంది.

"పొద్దునపూట బాగుంటారండి," అంది హోములో నర్సు ఒకసారి, మందుబిళ్ళలు గిన్నెలో వేస్తూ. "లేవగానే మిమ్మల్నే అడుగుతారు. పొట్టిది వచ్చిందా, పొట్టిది వచ్చిందా అని. ఎండెక్కేకొద్దీ మసకేస్తుంది."

పొట్టిది వెళ్ళేది మధ్యాహ్నం. ఆ వేళకి అక్క కుర్చీలో కూర్చుని దుప్పటి అంచు మడత పెట్టడం, విప్పడం, మళ్ళీ మడత పెట్టడం. "అక్కా, నేనే," అంటే మడత ఒక్క క్షణం ఆగేది, అంతే. పొద్దున్నే వెళ్ళగలిగితే దొరికే మనిషి, రోజురోజుకీ కొద్దికొద్దిగా ఖర్చయిపోతోందని ఆమెకి తెలుసు.

సైకిలు షాపతన్ని వీధిలో అందరూ డిస్కు అంటారు. ఎవరు ఏ సైకిలు తెచ్చినా, ఆఖరికి పసిపిల్లల మూడు చక్రాల బండి తెచ్చినా, "డిస్కు బ్రేకులు వేయించెయ్యండి" అనడం అతని అలవాటు. ఆమె తెచ్చినదాన్ని స్టాండుకి వేలాడదీసి, వెనక చక్రం ఒకసారి తిప్పి, తల వంచి విన్నాడు.

"డిస్కు వేయించెయ్యండమ్మా."

"ఇంకా ఏం చూడలేదుగా నువ్వు?"

"చూడ్డమెందుకమ్మా, వినిపిస్తుంటే."

"ఇదిగో, నేను పందాలకి పోను. క్రషర్ దాటి మిట్ట ఎక్కాలి, దిగాలి. పడకూడదు. దానికేం కావాలో అది చెయ్యి చాలు."

అప్పుడు అతను నిజంగా చూడటం మొదలుపెట్టాడు. బ్రేకు రబ్బర్లని గోటితో గీకాడు, గోరు దిగలేదు. "రాయైపోయాయి. ఇవి అరుస్తాయిగానీ ఆపవు."

"కొందరంతే," అంది ఆమె.

బ్రేకు తీగ చివర పోగులు విడిపోయి చీపురులా ఉంది. గొలుసు సాగింది. టైర్లు మొసలి వీపులా బుడిపెలు బుడిపెలుగా ఉన్నాయి. "తారు మీద ఇవి మిమ్మల్ని వెనక్కి లాగుతాయమ్మా. మధ్యలో నున్నగా, అంచుల్లో గరుకుగా ఉండేవి వేస్తా. తారు మీద సాఫీగా పోతాయి, కంకరొస్తే పట్టుకుంటాయి. ముందు స్ప్రింగు తుప్పుపట్టి బిగుసుకుపోయింది, దాన్నలా వదిలేద్దాం. మిట్ట ఎక్కేటప్పుడు బిగుసుకున్నదే నయం. వెనక పళ్ళచక్రం మాత్రం పెద్దది వేయించండి. అది వేస్తే ముసలమ్మ కూడా..." అని నాలుక కరుచుకున్నాడు.

"ఫర్వాలేదు, ముసలమ్మకే వెయ్యి."

అన్నీ ఒక్కసారి వేయలేదు. ఒక రోజు టైర్లు వచ్చాయి. మరో రోజు గొలుసు, పళ్ళచక్రం. ఆమె సాయంత్రం కూరగాయల సంచీతో వచ్చి, షాపు ముందు పీట మీద కూర్చుని చూసేది. కొత్త తీగ గొట్టంలోకి దూరడం, డిస్కు దాన్ని నోటితో పట్టుకుని రెండో చేత్తో బిగించడం, బ్రేకు రబ్బరు చక్రానికి వెంట్రుకవాసి దూరంలో ఆగడం. చివరికి సీటు దగ్గరికొచ్చింది పని.

"ఎక్కి మడమ పెడలు మీద పెట్టండి. పెడలు కింద ఉన్నప్పుడు కాలు తిన్నగా రావాలి."

ఆమె ఎక్కింది. కాలు అందలేదు. అతను గొట్టం దించాడు. అందలేదు. ఇంకా దించాడు. పొడుగాటి సీటు గొట్టం దాదాపు అంతా చట్రంలోకి దిగిపోయింది.

"దేవుడు మీ కాళ్ళ దగ్గర పొదుపు చేశాడమ్మా."

"నోటి దగ్గర చెయ్యలేదులే, జాగ్రత్త."

స్క్రూడ్రైవరు మొనతో గొట్టం మీద అడ్డంగా ఒక గీత గీశాడు డిస్కు. "ఇది మీ గీత. ఎవరు కదిపినా మళ్ళీ ఇక్కడికి దించుకోండి."

సైకిలు బాగుపడేకొద్దీ ఇంట్లో దాని హోదా కూడా మారింది. తుప్పుతో వచ్చినప్పుడు అది "నీ తుక్కు". టైర్లు వేశాక "నీ సైకిలు". గేర్లు టకటకమని మారడం మొదలుపెట్టాక ఆయన ఒకసారి బ్రేకు నొక్కి చూసి, "మన సైకిలు బానే తేలిందే," అన్నాడు. అటుగా వచ్చిన మరిది ఒంటిచేత్తో దాన్ని పైకెత్తి, "వదినా, భలే ఉందే! మా వాళ్ళ వారాంతం రైడ్లకి సరిగ్గా సరిపోతుంది," అన్నాడు. మరిది ఈ మధ్యే పొట్ట తగ్గించే ప్రయత్నంలో ఒక సైకిళ్ళ జట్టులో చేరాడు. ఇంకా సైకిలు కొనలేదు, జట్టు బనీను మాత్రం కొన్నాడు. ఆమె ఆ మాట విన్నదిగానీ, మనసులో పెట్టుకోలేదు. పెట్టుకోవాల్సింది.

మాస్టారి హెల్మెట్టు సంగతి డిస్కే తేల్చాడు. పైన గీత కూడా లేదు. "బానే ఉందిగా," అని భర్త ఇంట్లో ఖాయం చేసి పంపాడు. డిస్కు దాన్ని తిరగేసి, లోపలి తెల్ల పొరని బొటనవేలితో తడుముతూ ఒకచోట ఆగాడు. ఆమె వేలు తీసుకుని అక్కడ పెట్టాడు. మిగతాచోట గట్టిగా ఉన్నది అక్కడ మాత్రం మెత్తగా, లోపలికి దిగి ఉంది.

"ఒక్క దెబ్బే కాస్తుందమ్మా ఇది. కాసింది. ఇంక దీనికి శక్తి లేదు. పైకి తెలీదు."

ఆమె ఆ చోటు మీంచి వేలు వెంటనే తియ్యలేదు.

హెల్మెట్ల షాపులో అమ్మాయి టేపు పెట్టి ఆమె తల చుట్టూ కొలిచింది. తెచ్చిన మొదటిది జుట్టు ముడి మీద ఎక్కి, కుండ మీద మూకుడులా వెనక్కి వాలింది.

"ఇలా అయితే నుదురంతా బయటే ఆంటీ. పడితే ముందు తగిలేది నుదురే."

"నా నుదుటికి తగలాల్సినవి ఎప్పుడో తగిలాయిలే."

అమ్మాయి నవ్వి, ముడి విప్పమంది. మెడ దగ్గర కిందికి వదులుగా జడ వేసుకుంటే సరిపోతుందంది. జుట్టు విప్పాక హెల్మెట్టు కిందికి దిగింది. కనుబొమ్మల పైన రెండు వేళ్ళ సందు మిగిలేలా సర్ది, పట్టీలు చెవి కింద ఒక్కచోట కలిసేలా లాగి, గడ్డం కింద క్లిప్పు టక్కున పెట్టింది.

"ఇక్కడ ఒక్క వేలు దూరాలి. రెండు దూరితే వదులు. ఇప్పుడు తల ఊపండి ఆంటీ, కాదన్నట్టు."

ఆమె ఊపింది. హెల్మెట్టు కదల్లేదు.

"ఇప్పుడు అవునన్నట్టు."

"ఇది బాగా అలవాటే," అని ఊపింది.

నల్లది, నీలంది, బూడిదరంగుది చూపించింది అమ్మాయి. ఆమె షెల్ఫు చివర నిమ్మపండులా మెరుస్తున్నదాన్ని చూపించింది. "అదియ్యి. దూరం నుంచి కనపడాలి."

"కార్లవాళ్ళకా ఆంటీ?"

"కిటికీలో వాళ్ళకి."

మొదటిసారి మిట్ట ఎక్కినప్పుడు సగం దూరం తోసుకుంటూనే వెళ్ళింది. లారీలు దుమ్ము పోసి పోయాయి. హోము గేటు దగ్గర ఊపిరి అందక, హెల్మెట్టు కూడా తియ్యకుండా అలాగే వరండా మెట్లెక్కింది.

అక్క కిటికీ పక్క కుర్చీలో ఉంది. చూసింది. పైనుంచి కింద దాకా చూసింది.

"ఏంటే పొట్టీ, నెత్తిన ఆ బోర్లించిన గిన్నె?"

ఆమె గడ్డం కింద క్లిప్పు వెతుక్కుంటూ నిలబడిపోయింది. మసక పడని గొంతు అది. చిన్నప్పటినించీ ఆమెని తిట్టిన గొంతు.

"సైకిలు మీద వచ్చానక్కా."

"నువ్వా! ముందు బ్రేకు పట్టి ఎగిరి కాలవలో పడ్డదానివి. నేను కదూ లాగింది నిన్ను. చెప్పులు పోయాయని ఏడ్చావుగానీ మోకాలు పగిలిందని ఏడవలేదు." అక్క చెయ్యి చాపింది. "ఇటు రా. జుట్టేంటి ఇలా చింపిరి చేసుకున్నావు? కూర్చో."

ఆమె కింద కూర్చుంది. అక్క మోకాళ్ళ మధ్య ఆమె వీపు. దువ్వెన నెత్తి మీంచి మెడ దాకా దిగుతుంటే, చిక్కు తగిలినచోట అక్క మెత్తగా లాగలేదు, ఎప్పటిలాగే పీకింది. జడ కిందికి, వదులుగా వేయించుకుంది. పాయలు అటూ ఇటూ మారుతున్నంతసేపూ అక్క మాట్లాడుతూనే ఉంది. నర్సు మీద, పక్క గదావిడ గురక మీద, చప్పటి కూర మీద. ఎండ కిటికీ లోపలికి జరిగి అక్క ఒడిలోకి వచ్చేసరికి మాటల మధ్య ఖాళీలు పెరిగాయి. చేతులు దుప్పటి అంచు వెతుక్కున్నాయి. ఆమె లేచి హెల్మెట్టు పెట్టుకుంది. ఆ జడ మీద అది సరిగ్గా కూర్చుంది.

తర్వాత ప్రతి పొద్దునా అదే. ఇంట్లో వంట పొయ్యి మీదే సగం చేసి మూత పెట్టి పోవడం, పచ్చ హెల్మెట్టు మలుపు తిరగ్గానే కిటికీలో ఒక చెయ్యి లేవడం, "ముందు బ్రేకు పట్టలేదు కదా?" అని అడగడం, జడ వేయించుకోవడం. మిట్ట తోసుకునే దూరం రోజురోజుకీ తగ్గింది. ఒక రోజు మిట్టంతా తొక్కుకుంటూ ఎక్కింది. అది అక్కకి చెప్తే, "నిజమా, అబద్ధమా?" అంది అక్క. నిజమంటే, బుగ్గ గిల్లింది.

శనివారం పొద్దున ఆమె జడకి రబ్బరుబ్యాండు తీసుకుని, హెల్మెట్టు చేతికి తగిలించుకుని మెట్ల కిందికి వెళ్ళేసరికి అక్కడ తాళం గొలుసు మాత్రం ఉంది. ఎవరో దాన్ని బుద్ధిగా చుట్టి మేకుకి తగిలించారు.

పైకి వచ్చింది. ఆయన కారు తాళాలు వెతుక్కుంటున్నాడు.

"సైకిలేదీ?"

"తమ్ముడు తీసుకెళ్ళాడే. నిన్న సాయంత్రం నువ్వు బజారుకెళ్ళినప్పుడు వచ్చాడు. వాళ్ళ జట్టు ఎక్కడికో పోతోందట."

"నన్ను అడగాలనిపించలేదా?"

"ఇంట్లో సైకిలు ఇంట్లోవాడు తీసుకెళ్తే అడగడమేంటే? వాడేమన్నా పరాయివాడా?"

"అక్క చూస్తుంటుంది."

తాళాలు ఫ్రిజ్ మీద దొరికాయి. ఆయన వాటిని జేబులో వేసుకుంటూ, కోపంగా కాదు, ఓదార్పుగానే అన్నాడు: "రెండు రోజులకేంటి? నువ్వు రాలేదని ఆవిడకి తెలుస్తుందా ఏమన్నా?"

ఆమె సగం ఉడికిన కూర మీద మూత తీసి, మళ్ళీ పెట్టింది.

ఆ రోజు నడిచే బయల్దేరింది. క్రషర్ దగ్గరికి చేరేసరికే ఎండ నెత్తికెక్కింది. అయినా ఎక్కింది. వరండాలో నర్సు ఎదురొచ్చింది. "ఇప్పటిదాకా కిటికీ దగ్గరే ఉన్నారండి. పచ్చది కనపడటంలేదు, పచ్చది కనపడటంలేదు అని. ఇప్పుడే..." అని ఆగి, దారిచ్చింది. అక్క దుప్పటి మడత పెడుతోంది.

మర్నాడు, బహుశా ఆమె మాట్లాడకపోవడం భరించలేక, ఆయన పొద్దున్నే కారు తీశాడు. "పద. నేర్చుకునే ఆవిణ్ణి అటే తోలమంటాను. మిట్ట ఎక్కించడం ఎలాగూ నేర్పాలి." ఆమె వెనక కూర్చుంది. స్టీరింగు దగ్గర ఒక టైలరమ్మ, ఆ వారమే చేరింది. తారు రోడ్డు మీద బాగానే నడిపింది. మిట్ట సగంలో బండి ఆగిపోయింది. క్లచ్చి వదిలితే ఉలిక్కిపడి ఆగుతుంది, పట్టుకుంటే వెనక్కి జారుతుంది. ఆయన రెండో బ్రేకు తొక్కి పట్టుకున్నాడు. వెనక లారీ హారను. "సగం క్లచ్చమ్మా, సగం!" "ఏ సగం సార్?" అని ఆవిడ ఏడుపు గొంతుతో అడుగుతోంది. ఆమె తలుపు తీసుకుని దిగింది. నడవబోతే ఆయన, "ఆగవే, రెండు నిమిషాలు, వెనక లారీలున్నాయి!" అని అరిచాడు. లారీవాడు దిగి వస్తున్నాడు. ఆమె ఆగి, టైలరమ్మ భుజం మీద చెయ్యి వేసి, లారీవాడికి సర్దిచెప్పి, ఆయన సీటు మారి బండి పైకెక్కించేసరికి పొద్దు పొద్దులా లేదు.

సోమవారం సైకిలు రాలేదు. మరిది ఫోనులో, "సాయంత్రం పంపించేస్తా వదినా, కొంచెం కాళ్ళు పట్టేశాయి," అన్నాడు. ఆ పొద్దున ఆమె కదల్లేదు. గ్యాసువాడు వస్తాడని భర్త చెప్పి వెళ్ళాడు. గ్యాసువాడు రాలేదు.

మంగళవారం మెట్ల కింద సైకిలుంది. అంచుల దాకా బురద. ముందు బ్రేకు రబ్బరు ఒక పక్కకి వంగి చక్రాన్ని రాస్తోంది. సీటు ఆమె పక్కటెముకల దాకా లేచి ఉంది. ఆమె బోల్టు వదులు చేసి, గొట్టం దించింది. గీత చుట్టూ కొత్త గీతలు పడ్డాయి, ఏది తనదో వేలితో తడిమి వెతకాల్సొచ్చింది. రబ్బరుని చేత్తో సరిచేసుకుని, బురదతోనే బయల్దేరింది.

మలుపు తిరగ్గానే కిటికీ వైపు చూసింది. కిటికీలో అక్క ఉంది. చెయ్యి లేవలేదు.

వరండా మెట్లెక్కి హెల్మెట్టు తీసింది. అక్క ముఖంలో మసక లేదు. తేటగా ఉంది. చూపులో చూపు కలిపింది. కుర్చీలో కొంచెం సర్దుకుని, మోకాళ్ళ మీద దుప్పటి సరిచేసుకుంది.

"కూర్చోండి," అంది. "ఎవరి కోసం వచ్చారండీ?"

ఆమె కూర్చుంది. కింద కాదు, ఎదురు కుర్చీలో. రబ్బరుబ్యాండు చేతిలోనే ఉంది.

వెళ్ళేటప్పుడు నర్సు గేటు దాకా వచ్చింది. "మీరు రాలేదని కాదండి. అలా అనుకోకండి. ఈ జబ్బు మెట్లు దిగినట్టు దిగుతుంది. ఒక మెట్టు మీద కొన్నాళ్ళు ఉంటుంది, ఉన్నట్టుండి కింది మెట్టు. మీరు రోజూ వచ్చినా ఇంతే."

"నిన్న ఇంకా పై మెట్టు మీదే ఉందా?"

నర్సు సైకిలు మీద ఎండిన బురద చూసింది. "నిన్న పొద్దున అడిగారండి," అంది చివరికి. "ఒక్కసారే."

డిస్కు సీటు గొట్టం బయటికి లాగి చేతిలో పట్టుకున్నాడు. ఇంత పొడుగు. ఆమె తన గీత కింద వేలు పెట్టి, చట్రంలో ఎంత దిగాలో అడిగింది. అతను జానెడు లోపు చూపించాడు. "ఇంత లోపల ఉంటే చాలమ్మా. తక్కువైతే విరుగుతుంది, ప్రమాదం."

"అంత ఉంచి, కింద మిగిలింది కోసెయ్యి."

"కోసేస్తే ఇంక పైకి లేవదమ్మా. పొడుగువాళ్ళకి పనికిరాదు. అమ్మినా ఎవరూ కొనరు."

"ఊఁ."

"గొట్టం పొడుగుంటే మీకొచ్చిన నష్టమేంటి?"

"నష్టం వచ్చింది నాకు కాదు."

అతను ఆమె ముఖం చూశాడు. ఆ రోజు డిస్కు బ్రేకుల మాట ఎత్తలేదు. గొట్టాన్ని బల్లకున్న వైసులో బిగించి, రంపం ఆనించాడు. మొదట రంపం జారింది, తర్వాత గాడిలో పడింది. సన్నటి లోహపు పొడి అతని పాదాల మీద రాలింది. ముక్క నేల మీద పడి టంగుమంది. కోసిన అంచుని ఆకురాయితో గుండ్రంగా రాసి, చేత్తో తుడిచి, గొట్టాన్ని చట్రంలోకి దించి, పాత గీత దగ్గర బోల్టు బిగించాడు. ఆ గీతని ఈసారి లోతుగా, కనపడేలా గీశాడు. మిగిలిన ముక్కని ఆమె కూరగాయల సంచీలో వేసుకుంది.

ఆ శుక్రవారం సాయంత్రం మరిది బనీను వేసుకునే వచ్చాడు. కాఫీ తాగాడు. మెట్ల కిందికి వెళ్ళాడు. కాసేపటికి సీటు చేత్తో పట్టుకుని, పెళ్ళాం పసిబిడ్డని చేతిలో పెట్టి వెళ్ళిపోతే దిక్కుతోచని మొగుడిలా మెట్లెక్కి వచ్చాడు.

"వదినా, సీటు ఊడి చేతికొచ్చింది!"

"అయ్యో," అంది ఆమె, గిన్నెలు తుడుస్తూ.

"కొంచెం పైకి లాగానంతే!"

"పాత సైకిలు కదా బాబూ. నేను కూర్చున్నప్పుడు బానే ఉంటుంది మరి."

"ఫర్వాలేదు, కొత్త గొట్టం వేయించేస్తా."

"వేయించుకో. నీ సైకిలు కొన్నాక, దానికి."

గిన్నె గుడ్డ ఆగలేదు. మరిది అన్న వైపు చూశాడు. అన్న తమ్ముడి చేతిలోంచి సీటు తీసుకుని, గొట్టం తిరగేసి చూశాడు. ఆకురాయితో రాసిన అంచు కొత్త నాణెంలా మెరుస్తోంది. అది విరిగింది కాదని, ఊడింది కాదని తెలియడానికి ఆయనకి ఎక్కువసేపు పట్టలేదు. కుర్చీ కింద ఆయన కుడికాలు నేలని నొక్కింది. ఏమీ ఆగలేదు.

"నువ్వు ఇంటికి పోరా," అన్నాడు తమ్ముడితో.

మర్నాడు పొద్దున ఆమె కిందికి దిగేసరికి ఆయన సైకిలు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన గాలి పంపు.

"వెనక టైరులో గాలి తక్కువుంది. కొట్టాను," అన్నాడు, టైరు వైపే చూస్తూ. తర్వాత ఇంకేదో అనబోయి, "క్రషర్ దగ్గర లారీలతో జాగ్రత్త," అన్నాడు.

ఆమె తల ఊపింది. హెల్మెట్టు కదల్లేదు.

జడ తనే వేసుకుంది. చేతులు వెనక్కి సరిగా అందక ఒక పక్కకి పోయింది, హెల్మెట్టు కొంచెం వంకరగా కూర్చుంది. మిట్ట మొత్తం తొక్కుకుంటూనే ఎక్కింది. ఎక్కానని చెప్పడానికి ఎవరూ లేరు.

అక్క వరండాలోనే ఉంది. పక్క కుర్చీ చూపించింది. "రండి, రండి. మీరు రోజూ సైకిలు మీద వస్తారు కదూ? కిటికీలోంచి చూస్తుంటాను. పచ్చ టోపీ."

"అవునండి."

"మా చెల్లెలు కూడా తొక్కుతుంది. మీ అంతే ఉంటుంది, పొట్టిది." అక్క చేత్తో ఎత్తు చూపించింది, ఆ చెయ్యి ఒక చిన్నపిల్ల ఎత్తు దగ్గర ఆగింది. "మొన్నటిదాకా రోజూ వచ్చేది. ఈ మధ్య రావడంలేదు."

ఆమె ఒడిలో హెల్మెట్టు పట్టీలు సాగదీసి, దగ్గరికి లాగింది. మళ్ళీ సాగదీసింది.

"పనేదో పడుంటుందండి."

"పనేం లేదు దానికి. మొండిది. ఎప్పుడన్నా అక్కడెక్కడన్నా కనపడితే ఒక మాట చెప్తారా?"

"చెప్తానండి."

"ఆ కంకర రోడ్డు మీద రావద్దని చెప్పండి. దానికి ముందు బ్రేకు పట్టే అలవాటు. పడితే ఇప్పుడు లాగడానికి నేను లేను కదా అక్కడ." అక్క ముందుకి వంగింది, ఇంటి విషయం పరాయివాళ్ళకి చెప్పేటప్పుడు వంగినట్టు. "ఏడవదండీ అది పడినా. అదే భయం."

క్రషర్ వైపు నించి రాళ్ళు దొర్లే చప్పుడు వచ్చింది. ఎండ వరండా మెట్టు ఎక్కింది.

"హెల్మెట్టు కొనుక్కుందిలెండి," అంది ఆమె.

"మంచిదేనా?"

"మంచిదే. చుట్టుకొలత చూసి కొనుక్కుంది."

అక్క తృప్తిగా వెనక్కి వాలింది. చేతులు దుప్పటి అంచు దగ్గరికి వెళ్ళాయిగానీ ఇంకా మడత పెట్టలేదు. "మీరు రేపూ వస్తారా?"

"వస్తానండి."

ఆమె లేచి హెల్మెట్టు తలకి పెట్టుకుంది. కనుబొమ్మల పైన రెండు వేళ్ళు కొలిచింది. గడ్డం కింద క్లిప్పు టక్కుమంది. ఆ పట్టీ కిందికి వేలు దూర్చింది. ఒక్క వేలు దూరింది. అలా వేలు ఉంచుకునే కాసేపు నిలబడింది. అక్క ఆమె వైపు చూసి, మర్యాదగా నవ్వి, రోడ్డు మలుపు వైపు తిరిగింది. అక్కణ్ణించి ఎవరైనా వస్తారేమోనని.